పద్దు పరభాషలో నున్నంతకాలము

“అర్థశాస్త్రమునకు తెలుగేల? కావలసినవాడు ఇంగ్లీషులోనే చదువుకొనును. అక్కరలేనివానికి ఏ భాషలో నున్న నేమి?” అని ఇటీవల నరసరావుపేటలో ఒక విద్యాధికుడు నాతో ననెను. ఆయన దుర్మార్గుడు కాడు. దేశద్రోహి యసలే కాడు. బిడ్డలను చక్కగా చదివించుకొన్నవాడు, పదిమందికి సాయపడువాడు. ఆ మాట ఆయన యొక్కనిదే యైనచో ఈ పత్రికలో నింత చోటు దాని కక్కరలేదు. కాని యది మన పట్టణములలోని చదువుకొన్న తరగతి యంతయు పైకి చెప్పక మనస్సున దాచుకొన్న మాట. కావున దానికి బహిరంగముగనే సమాధానము చెప్పవలసియున్నది.

నేను వృత్తిచే న్యాయవాదిని. తీరిక దొరికినపుడు గ్రంథాలయోద్యమమునకు ఊడిగము చేయువాడను. అప్పుడప్పుడు నూజెండ్లకు పోయి, పఠనమందిరపు వసారాలో కూర్చుండి, వచ్చినవారి కాగితములు చదివి చెప్పుట నా కలవాటు. మొన్నటి పర్యాయము ఒక మిరపరైతు తన అప్పుకాగితముల కట్టను నా ముందుంచెను. పదునాలుగు పుటలు. అంతయు ఇంగ్లీషు. పదునొకండు చోట్ల ఆయన సంతకము. అది మాత్రము తెలుగు.

“లాయరుగారూ, పెట్టమన్నచోటల్లా సంతకం పెట్టాను. ఇందులో ఏముందో ఒక్క ముక్క చెప్పండి” అని యడిగెను. చెప్పితిని. వడ్డీరేటును మార్చుకొను హక్కు అప్పిచ్చినవానికే కలదు. వాయిదా తప్పినచో అదనపు రుసుము పడును. తగవు వచ్చినచో అది వినుకొండలో గాని నరసరావుపేటలో గాని తీరదు; పరరాష్ట్రమందలి యొక మహానగరమున మధ్యవర్తి యెదుట తీరును. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిదప, “ఇదే తెలుగులో రాసి ఉంటే నేనే చదువుకొనేవాణ్ణి గదండీ” అనెను. నిజమే. ఆయన నిరక్షరాస్యుడు కాడు. ప్రతిదినమును ఆ వసారాలోనే వార్తాపత్రికను మొదటి పుటనుండి కడపటి పుటవఱకు చదువువాడు. బ్యాంకేతర ఋణసంస్థలు ఋణగ్రహీతకు తెలిసిన భాషలో వ్యవహరింపవలెనని రిజర్వు బ్యాంకువారి న్యాయవర్తన నియమావళి విధించియే యున్నది. ఆ నియమావళియు ఆయన చేతికి తెలుగున రాలేదు!

విద్యాధికుని ప్రశ్నకు ఆ రైతు మాటయే సమాధానమని నేను సంతసించి ఊరకుందును గాని, ఈ వ్యాధి మూలము ఒక అప్పుకాగితములో లేదు. అది మూడు శతాబ్దముల నాటిది. దానిని త్రవ్వి చూపుటయే నా యుద్దేశము.

ఆర్థికభావములు దేశమునుండి దేశమునకు రెండు దారులను పోవును. ఒకటి అనువాదపు దారి. ఆ దారిని వచ్చిన భావమును జనులు చదువుదురు, తర్కింతురు, తమకు పనికివచ్చినది గ్రహించి తక్కినది త్రోసివేయుదురు. రెండవది అధికారపు దారి. ఆ దారిని వచ్చిన భావము పుస్తకరూపమున రాదు. శిస్తు రూపమున, చట్టము రూపమున, తాఖీదు రూపమున వచ్చును. దానిని చదువుట యుండదు, చెల్లించుటయే యుండును. అనువదించుకొనిన జాతికి భావము పనిముట్టగును. అనువదించుకొనని జాతికి ఆ భావమే కొరడా యగును. దీనికి చరిత్రమే సాక్ష్యము పలుకుచున్నది.

మొదటి సాక్షిని మన బందరు రేవునొద్దనుండియే పిలిచెదను. 17వ శతాబ్దమున మచిలీపట్టణపు అద్దకపు బట్టలకు ఐరోపాఖండమున మిక్కిలి గిరాకి యుండెను. ఇంగ్లీషువారు 1611లోనే అచట వర్తకశాల పెట్టిరి. తూర్పుదేశపు బట్టలు లండనులో విరివిగా చెల్లుబడి యగుట చూచి ఆ దేశపు నేతగాండ్రు గగ్గోలు పెట్టిరి. ఆ గగ్గోలునకు సిద్ధాంతరూప మిచ్చినవారిలో బ్రిస్టలు పట్టణపు వర్తకుడు జాన్ కేరీ యొకడు. ఇంగ్లండు వర్తకస్థితిని గూర్చి ఆయన 1695లో ఒక గ్రంథము ప్రకటించెను. ముడిసరకు లోనికి రావలెను, తయారైన సరకు వెలుపలికి పోవలెను. తూర్పుదేశపు నూలుబట్టలు, పట్టుబట్టలు స్వదేశపు పనివాని కూడు తీయుచున్నవి. ఐర్లండు ఉన్నిపరిశ్రమ సైతము ఇంగ్లండునకు పోటీ కాగూడదు. ఇది యాతని వాదము. 1700లో ఇంగ్లండు పార్లమెంటు తూర్పుదేశపు అద్దకపు బట్టలను నిషేధించుచు చట్టము చేసెను. 1721లో ఆ యురి మఱింత బిగించెను. స్వేచ్ఛావర్తకమును గూర్చి మనకు తరువాత పాఠములు చెప్పిన దేశము ఇదియే సుమా!

ఆ పుస్తకము కథ అంతటితో ముగియలేదు. అరువదేండ్లకు, 1755లో, బ్యూటెల్ డ్యూమాన్ అను ఫ్రెంచివాడు దానిని తన భాషలోనికి మార్చి, క్రొత్త విషయములు చేర్చి, రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆ ఫ్రెంచి ప్రతి నేపుల్సు చేరెను. అచట ఆంటోనియో జెనొవేసి దానిని 1757-58లో ఇటాలియను భాషలోనికి తెచ్చి, తన వ్యాఖ్యానములు జోడించి, మూడు సంపుటములు చేసెను. ఈ జెనొవేసి సామాన్యుడు కాడు. 1754లో నేపుల్సు విశ్వవిద్యాలయమున వర్తకశాస్త్రమునకు క్రొత్తగా నెలకొల్పిన పీఠమును మొదట నధిష్ఠించినవాడు. ఆ పీఠమునకు ధనమిచ్చిన ఇంటియెరీ ఒక షరతు పెట్టెను: బోధన లాటినున గాక ఇటాలియనుననే జరుగవలెను. పండితుల భాష లాటిను. బజారు భాష ఇటాలియను. వర్తకమును గూర్చిన శాస్త్రము వర్తకునికే తెలియని భాషలో నుండుట హాస్యాస్పదమని ఆ దాత గుర్తించెను. మన విద్యాధికుడు నేటికిని గుర్తింపలేకున్నాడు.

ఇచట గమనింపవలసినది యేమన, ఇంగ్లండు పరదేశముల నణచుటకు వ్రాసికొనిన పుస్తకము నేపుల్సువారి చేతిలో పరదేశముల దెబ్బనుండి తమ్ము తాము కాచుకొను పుస్తకమయ్యెను. శత్రువు ఆయుధశాల తాళపుచెవిని వారు అనువాదము ద్వారా సంపాదించిరి. ఆ పుస్తకము ఎవరి బల్లపై పిడుగై పడినదో ఆ బందరు అద్దకపువాని భాషలోనికి మాత్ర మది రాలేదు. తన సరకు ఏల చెల్లకపోయెనో ఆతనికి చెప్పినవాడు లేడు. ఓడలు రాలేదని అనుకొనెను, గ్రహచారమనుకొనెను. గ్రహచారము కాదు, గ్రంథము!

రెండవ సాక్షి ఆడమ్ స్మిత్తు. ఆయన మహాగ్రంథము 1776లో వెలువడెను. ఆ సంవత్సరముననే జర్మను అనువాదము మొదటి భాగము లైప్జిగున అచ్చయ్యెను. 1778-79 నడుమ ఫ్రెంచి, డేనిషు అనువాదములు మొదలయ్యెను. స్పెయినులో 1792లో మతవిచారణాధికారులు దాని ఫ్రెంచి ప్రతిని నిషేధించిరి. అయినను 1794లో, కొన్ని భాగములు కత్తిరింపబడియే గాని, స్పానిషు అనువాదము వెలువడెను. 1802లో రష్యను భాషలో ప్రకటన ప్రారంభమయ్యెను. జపానులో 1884-88 నడుమ, చీనాలో యెన్ ఫూ చేతిమీదుగా 1901-02లో అది ప్రకటితమయ్యెను. జపానువారు స్మిత్తుతో తృప్తిపడలేదు. క్రొత్త పరిశ్రమలను పరదేశపు పోటీనుండి రక్షించుకొనవలెనని 1841లో వాదించిన జర్మను పండితుడు ఫ్రెడరిక్ లిస్టు గ్రంథమును 1889లో తమ భాషలోనికి తెచ్చుకొనిరి. ఇరువాదములను ప్రక్కప్రక్కన పెట్టుకొని, తమ కేది యెంత కావలెనో తామే తూచుకొనిరి. మన దేశమున లిస్టు వాదమును మహాదేవ గోవింద రానడే 1892లో పూనాలోని దక్కను కళాశాలలో ప్రస్తావించెను. అది మహోపన్యాసమే. కాని యది ఇంగ్లీషున జరిగెను. కళాశాల గోడలు దాటి సంతబజారునకు రాలేదు.

మఱి స్మిత్తు మన దేశమునకు రాలేదా? వచ్చెను, అధికారపు దారిని వచ్చెను. కంపెనీ ఉద్యోగులను తీర్చిదిద్దు కళాశాలలో అర్థశాస్త్రము బోధించుటకు 1805లో మాల్థసును నియమించిరి. 1834లో మరణించువఱకు ఆయన ఆ పదవిలోనే యుండెను. ఆయన శిష్యులు మన జిల్లాలకు కలెక్టరులై వచ్చిరి. భూమి ఫలములో సేద్యపు ఖర్చులు, సాగుదారుని లాభము పోగా మిగిలినది కౌలు అను రికార్డో సిద్ధాంతమును జేమ్సు మిల్లు లండనులోని కంపెనీ కచేరీలో కూర్చుండి మన పొలములకు వర్తింపజేసెను. ఆ మిగులు సర్కారుదే యని తీర్మానించెను. మదరాసు రాజధానిలో రైత్వారీని నెలకొల్పిన మన్రోకు రికార్డో గురువు కాడు. ఆతని ప్రయత్నము రికార్డో గ్రంథమునకు ముందే మొదలయ్యెను. కాని శిస్తును సమర్థించుటకు సీమలో అల్లిన వాదము మాత్రము ఈ కౌలు సిద్ధాంతమే. రికార్డో తెలుగులోనికి తర్జుమా కాలేదు. సరాసరి తెలుగువాని చేనిలోనికి తర్జుమా అయ్యెను. మిగులు ఎంతయో లెక్కగట్టినవాడు దొర. లేని మిగులును చెల్లించినవాడు రైతు.

1876-78 నాటి ధాత కరువును తలంచుకొనుడు. ధాన్యపు వర్తకమున సర్కారు చేయి పెట్టరాదు, పెట్టినచో కొరత కాస్త కరువగునని స్మిత్తు వ్రాసిన వాక్యములు దొరలకు వేదవాక్యములై యుండెను. మదరాసు గవర్నరు బకింగ్‌హాము ప్రభువు ముందుచూపుతో 30,000 టన్నుల ధాన్యము కొనగా, వైస్రాయి లిట్టను ప్రభుత్వము అది వర్తకమున జోక్యమని ఆక్షేపించెను. 1877లో వచ్చిన రిచర్డు టెంపులు పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై చిల్లర కొంతయు చాలునని కూలి నిర్ణయించెను. మదరాసు ఆరోగ్యాధికారి కార్నిషు ఆ కూలితో మనుష్యుడు బ్రదుకడని మొత్తుకొనెను. ప్రజలు లక్షలుగా రాలిపోయిరి.

ఇచట న్యాయవాదిగా నేనొక ప్రశ్న వేయుదును. దొరలు చూపిన దస్తావేజు పూర్తి దస్తావేజేనా? కాదు. ఆ స్మిత్తే అదే గ్రంథమున, 1770 నాటి వంగదేశపు కరువును ప్రస్తావించి, బియ్యపు వర్తకముపై కంపెనీ నౌకరులు పెట్టిన అక్రమ నిబంధనలు కొరతను కరువుగా మార్చుటకు తోడ్పడియుండునని వ్రాసెను. వర్తకుల గుత్తసంఘము ప్రభువై యేలుట ఏ దేశమునకైనను అన్నిటికన్న చెడ్డ ప్రభుత్వమని అభిప్రాయపడెను. ఏలినవారు తమకు పనికివచ్చు పుట చదివి వినిపించిరి. తమపై నేరము మోపిన పుటను మడిచి పెట్టిరి. ప్రతివాది చేతిలో నకలు లేదు. నకలు లేని ప్రతివాది కేసు ఏమగునో నా తోడి వకీళ్లకు చెప్పనక్కరలేదు. ఆ నకలునకే అనువాదమని పేరు.

ఇక మూడవ సాక్షి. ఇది మన గౌరవమును నిలిపిన సాక్షి. దాదాభాయి నౌరోజీ దేశసంపద సీమకు తరలిపోవుచున్న విధమును లెక్కలు కట్టి చూపెను. ఆయన గ్రంథము 1901లో వెలువడెను. రమేశచంద్ర దత్తు ఆర్థికచరిత్రము 1902, 1904 సంవత్సరములలో రెండు సంపుటములుగా వచ్చెను. రెండును ఇంగ్లీషు గ్రంథములే. ఆ లెక్కల పట్టికలు ఎందఱు తెలుగువారి గుండె తాకియుండును? కాని 1907లో బిపినచంద్ర పాలు రాజమహేంద్రవరము వచ్చి ఇంగ్లీషున ఉపన్యసించినపుడు, చిలకమర్తి లక్ష్మీనరసింహము ప్రక్కన నిలిచి వానిని తెలుగున చెప్పెను. ఆ సందర్భముననే దేశమును ఆవుగా, ప్రజను ఆకలిగొన్న లేగలుగా, పాలకుని ఆ పాలు కాజేయు కాపరిగా చిత్రించి యొక పద్యము చెప్పెను. ఆ పద్యము ఊరూర ప్రాకెను. చదువురాని వారు సైతము దానిని కంఠస్థము చేసిరి. నౌరోజీ పట్టికలలోని సారమంతయు నాలుగు పాదములలో ఇమిడెను. పాడిపశువు లేని తెలుగు పల్లె యుండునా? ధనప్రవాహ సిద్ధాంతమును అర్థము చేసికొనుటకు తెలుగువాడు కేంబ్రిడ్జి పోనక్కరలేకపోయెను; తన కొట్టము వైపు చూచిన చాలెను. అనువాదమనగా మాటకు మాట పెట్టుట కాదు, భావమునకు వసతి చూపుట యనుటకు ఇంతకన్న దృష్టాంతము వలదు.

పాలకులకు ఈ రహస్యము మనకన్న బాగుగా తెలియును. దత్తు ఇంగ్లీషు గ్రంథములు స్వేచ్ఛగా అమ్ముడుపోయెను. ఆ గ్రంథముల సారమును సఖారామ్ గణేశ దేవుస్కరు, తాను మహారాష్ట్రవంశీయుడై యుండియు, 1904లో వంగభాషలో ‘దేశేర్ కథ’ యను పేర ప్రకటించెను. 1910లో దానిని నిషేధించిరి. జాన్ రస్కిను కూలిని గూర్చియు ధనమును గూర్చియు 1860లో వ్రాసిన వ్యాసములు ఇంగ్లండున గ్రంథాలయములలో హాయిగా నుండెను. 1904లో వానిని రైలుబండిలో చదివిన గాంధీ, 1908లో దక్షిణాఫ్రికాలోని తన పత్రికలో గుజరాతీలోనికి సంగ్రహించి ‘సర్వోదయ’ మని పేరిడెను. 1910లో బొంబాయి ప్రభుత్వము దానిని నిషేధించెను. ఇంగ్లీషున నున్నంతకాలము నిర్దోషి. గుజరాతీలోనికి రాగానే నేరస్థుడు! 1919 ఏప్రిలు 6న బొంబాయి వీథులలో దానిని, ‘హింద్ స్వరాజ్’ను గాంధీ మొదలగువారు బహిరంగముగా అమ్మిరి. అమ్మినవి క్రొత్త ముద్రణములు గనుక నిషేధము వానికి వర్తింపదని సర్కారు అర్థము చెప్పుకొని తప్పుకొనెను. భావము ప్రమాదకరము కాదు. జనుల భాషలోని భావమే ప్రమాదకరము. ఇది మన పాలకులు వ్రాయించుకొనిన తీర్పు. దానిపై మనకు అప్పీలు లేదు, అక్కరయు లేదు.

మన పల్నాడే దీనికి నిదర్శనము. అడవి యనగా ప్రజకు కలప, మేత, కట్టె, తేనె. జర్మనీలో పెరిగిన అటవీశాస్త్రము బ్రాండిసు వంటి జర్మనుల వెంట ఇచటికి వచ్చి, అడవి యనగా సర్కారు ఆస్తి, రాబడి యని చెప్పెను. 1882 నాటి మదరాసు అటవీచట్టము ఆ భావమునకు లాఠీ నిచ్చెను. పల్నాటి రైతునకు ఆ శాస్త్రమును ఎవరును చెప్పలేదు; పుల్లరి రసీదు మాత్రము చేతికిచ్చిరి. 1921-22లో పల్నాడు ఆ రసీదును నిరాకరించెను. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు నేలకొరగెను. ఆ పోరాట సందర్భమున చెఱకు పోయిన గుంటూరు బారిష్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ, కూలియు భూమియు న్యాయమును గూర్చిన నూతన భావములను పల్లెపలుకుబడిలో ‘మాలపల్లి’ నవలగా వ్రాసెను. మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. మరల అదే తీర్పు!

పూర్వులు ఈ పనిని గుర్తింపకపోలేదు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు మొదలగువారు నెలకొల్పిన విజ్ఞానచంద్రికామండలి చరిత్రములతో పాటు శాస్త్రములను తెలుగు చేయ పూనెను. కట్టమంచి రామలింగారెడ్డి కేంబ్రిడ్జిలో చదివి వచ్చియు తెలుగున అర్థశాస్త్రగ్రంథము వ్రాసెను. ఇంగ్లీషు రానివాడు కాడు, ఇంగ్లీషుతో ఆగిపోనివాడు. 1914లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము అట్టి పుస్తకములను పల్లె అరుగుల కెక్కించెను. 1968లో నెలకొన్న తెలుగు అకాడమీ అర్థశాస్త్రమునకు పాఠ్యపుస్తకములు ముద్రించెను. 1978నుండి రంగనాయకమ్మ మార్క్సు ‘కాపిటల్’ను తెలుగువారికి విడమరచి చెప్పుచు సంపుటములు వెలువరించెను. మార్క్సుతో ఏకీభవించువారును ఏకీభవింపనివారును ఆమెకు ఋణపడియున్నారు. తెలియనిదానితో విభేదించుటయు సాధ్యము కాదు గదా! దారి యున్నది. నడచువారు తక్కువై దారిలో గడ్డి మొలచినది. అంతే.

ఇక ఆక్షేపణలు. తెలుగున మాటలు లేవందురు. లేకపోవుట కేమి? అసలు, వడ్డీ, చక్రవడ్డీ, తాకట్టు, కౌలు, గిరాకి, మారకము, ముదరా, మదుపు, జమ, ఖర్చు, నిలువ, హుండీ: ఇవి యే విశ్వవిద్యాలయము కల్పించెను? మన కోమటి చిట్టాలో, మన రైతు బేరములో పుట్టినవి, లేదా వచ్చి స్థిరపడినవి. జపానులో ఫుకుజావా యుకిచి ఇంగ్లీషు అర్థశాస్త్రమును అనువదించుచు వర్తకపు పోటీకి పరుగు, పోరు అను రెండు మాటలు కలిపి యొక పదము చేసెను. దానిని చూచిన షోగను కొలువులోని యుద్యోగి ‘పోరు’ అను మాట పై యధికారులకు చూపతగదని బెదరెను. ఆ అధికారి గతించెను. ఆ మాట నేటికిని జపానున వాడుకలో నున్నది. మాట లేకపోవుట కష్టము కాదు. మాట పుట్టించుటకు ధైర్యము లేకపోవుటయే కష్టము.

చీనాలో యెన్ ఫూ కథ రెండవ పాఠము. ఆయన స్మిత్తును ప్రాచీనశైలిలో అత్యంత ప్రౌఢముగా అనువదించెను. పండితులు శిరఃకంపము చేసిరి. కాని ఆయన కూర్చిన పారిభాషికపదములలో పెక్కు నిలువలేదు. అర్థశాస్త్రమునకు ఆయన పెట్టిన పేరే పోయి, జపానునుండి వచ్చిన పేరు స్థిరపడెను. ఈ వ్యాసమే గ్రాంథికమున నున్నదే యని నన్నెవరైన ఎత్తిపొడిచినచో ఒప్పుకొందును. పత్రికా వ్యాసము నా యిష్టము. అప్పుకాగితము నా యిష్టము కాదు. అది రైతు మాటలోనే యుండవలెను. సంస్కృతసమాసములతో పేర్చిన సర్కారు తెలుగు చూచి, ఇంతకన్న ఇంగ్లీషే నయమని జనులు అనుచున్నారన్నచో తప్పు జనులది కాదు.

అనువాదమున భావము మారిపోవునందురు. మారును. కేరీ పుస్తకము పారిసున మారెను, నేపుల్సున మఱల మారెను. ఆ మారుటయే వారికి లాభమయ్యెను. స్పెయినులో స్మిత్తును కత్తిరించిరి, అది నష్టమే. కాని కత్తిరించిన అనువాదమునకు మందు మఱియొక అనువాదమే. అనువాదము లేకుండుట మందు కాదు. అనువదింపని స్మిత్తును ఏలినవారు మనకు కత్తిరించియే గదా వినిపించిరి!

నేటి సంగతికి వత్తును. ఆంధ్రప్రదేశ శాసనసభ ఆమోదించిన 2022 నాటి ల్యాండ్ టైట్లింగ్ చట్టము 2023లో అమలునకు వచ్చి, 2024లో రద్దయ్యెను. దాని మంచిచెడ్డలు ఇచట ప్రస్తుతము కాదు. దాని వెనుక నున్న భావము మనది కాదు: సర్కారు పుస్తకములో ఎక్కిన పేరే హక్కునకు తుది రుజువు అను టోరెన్సు పద్ధతి 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో పుట్టెను. తరతరముల దస్తావేజుల గొలుసుపై నడచుచున్న మన భూములకు అది సరిపడునా లేదా యని నూజెండ్ల రైతు నిర్ణయింపవలెనన్నచో ఆతనికి టోరెన్సు ఎవరో, ఆ పద్ధతి ఎచట ఎట్లు నడచినదో తెలుగున తెలియవలెను. తెలిసెనా? ఒకరు భూమి పోవునని భయపెట్టిరి, ఒకరు భూమి భద్రమని బుజ్జగించిరి. భయమును చూపిరి, అభయమును చూపిరి. భావమును చూపినవారు బహు తక్కువ. వందలకొలది సభలు జరిగినను ఒక చిన్న పొత్తము జనుల చేతికి రాలేదు. ఆ చర్చలలో పాల్గొన్న వకీళ్లలో నేనును ఒకడను. ఈ నింద నాకును వర్తించును.

1966లోనే తెలుగు అధికారభాష యగుచు చట్టమయ్యెను. అయినను రాజ్యాంగమందలి 348వ అధికరణము ప్రకారము చట్టమునకు ప్రామాణికపాఠము ఇంగ్లీషే. తెలుగు ప్రతికిని ఇంగ్లీషు ప్రతికిని భేదము వచ్చినచో ఇంగ్లీషే గెలుచును. అనగా, మన శాసనసభలో, మన యెన్నికతో, మన పొలమును గూర్చి చేసిన చట్టమునకు మన భాష ఇంకను అనువాదమే, మూలము కాదు. స్వరాజ్యము 1947లో వచ్చెను. స్వభాషలో పద్దు ఇంకను రాలేదు.

ఏమి చేయవలెనని యడుగుదురా? గొప్ప పథకము లక్కరలేదు. మొదటిది: తెలుగు జిల్లాలలో అప్పిచ్చు ప్రతి సంస్థయు తెలుగు కాగితముమీదనే సంతకము తీసికొనవలెనని, తెలుగు ప్రతి లేని సంతకము చెల్లదని శాసనసభ్యులను నిలదీయుదము. రెండవది: ప్రతి పట్టణమున వకీళ్లు నెలకొక్క సాయంకాలము పఠనమందిరమునకు పోయి, ఒక చట్టమునో, బడ్జెటునో, అప్పుకాగితమునో తెలుగున చదివి చెప్పవలెను. రుసుము లేని యీ వాయిదాకు హాజరు కాలేనివాడు దేశమును గూర్చి ఉపన్యసింపరాదు. మూడవది: విశ్వవిద్యాలయముల అర్థశాస్త్రాచార్యులు తమ జీవితమున ఒక్క పుస్తకమైనను పరీక్షార్థికి కాక, రైతునకును చిల్లర వర్తకునకును వ్రాయవలెను. నేపుల్సు ఆచార్యుడు 1754లో లాటిను పీఠము దిగి వచ్చెను; మన యాచార్యులు ఇంగ్లీషు పీఠము దిగినచో వారి గౌరవమునకు వచ్చు భంగ మేమియు లేదు. నాలుగవది చదువరులకు: గ్రంథాలయమునకు పోయినపుడు నవలతో పాటు ఒక అర్థశాస్త్రపు పొత్తము అడుగుడు. లేదన్నచో మరల అడుగుడు. అడుగువాడు లేకనే అచ్చువేయువాడు లేడు.

ఆ మిరపరైతు తన కాగితములు మడిచి సంచిలో పెట్టుకొనుచు నన్నొక మాట అడిగెను: “మళ్లీ వచ్చేటప్పటికి ఇది తెలుగులో రాసి పెడతారా లాయరుగారూ? నాకోసం కాదు. మా వాడలో ఇంకో నలుగురు పెట్టబోతున్నారు సంతకాలు.” ఆ పదునాలుగు పుటలను ఇప్పుడు నేను తెలుగు చేయుచున్నాను. ఆరు పుటలు పూర్తియైనవి. విద్యాధికుడగు నా మిత్రుడు మిగిలిన యెనిమిదింటిలో నాలుగు పంచుకొనునేని, అర్థశాస్త్రమునకు తెలుగేల యను ఆయన ప్రశ్నకు ఆయనయే సమాధానము వ్రాసినవాడగును.